తలుపు తెరిచే కార్డు

2025 అక్టోబరు 18, శనివారం. పొద్దున్నే బిషాన్ పార్కులో నడుస్తుంటే న్యూజెర్సీ నించి ఫోను. ఇంజనీరింగులో నా రూమ్మేటు. వాళ్ళకింకా శుక్రవారం రాత్రి.

"ఒరేయ్, రేపు ఇక్కడ నో కింగ్స్ ప్రదర్శన ఉంది. మా అమ్మాయి అట్టముక్క మీద ఏదో రాసుకుని రెడీ అయిపోయింది. అది ఇక్కడ పుట్టింది, దానికేం ఫరవాలేదు. నేను హెచ్-1 మీద పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నా. ఫొటోలు తీసి, ఎవరెవరొచ్చారో పట్టుకోగలరా? టెక్నికల్‌గా చెప్పు."

టెక్నికల్‌గా చెప్పడం సులువే. వీధి కెమెరాలో పడ్డ మొహాన్ని వీసా ఫొటోతో పోల్చడం ఇవాళ పెద్ద విద్య కాదు. ఆ సమయంలో ఆ వీధిలో ఏ ఫోన్లున్నాయో టవరు చెబుతుంది. "పట్టుకోగలరు" అన్నాను. పట్టుకోకుండా ఆపేది ఏమిటన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు కంప్యూటరు సైన్సు పుస్తకాల్లో దొరకదు. నాకైతే సింగపూరులో దొరికింది.

నవ్వకండి. నిరసనల గురించి సింగపూరువాడు చెప్పడమేమిటి అంటారని తెలుసు. ఇక్కడ 2009 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం కింద ఒక్క మనిషి బోర్డు పట్టుకుని నిలబడినా అది సభే, అనుమతి కావాలి. 2000లో హాంగ్ లిమ్ పార్కులో స్పీకర్స్ కార్నర్ తెరిచారు. అక్కడ సభ పెట్టేది పౌరులే. నాలాంటి పీఆర్‌లు వెళ్ళి పాల్గొనవచ్చు. వర్క్‌పాసు మీద ఉన్నవాళ్ళకి, విడిగా అనుమతి లేకపోతే, అదీ లేదు. ఇందిరా పార్కు ధర్నా చౌక్ చూస్తూ పెరిగినవాడికి ఇదొక వింత లోకం. అయినా పొరపాటుని బాహాటంగా ఒప్పుకుని దిద్దుకున్న ఉదాహరణ ఒకటి నా కళ్ళముందు ఇక్కడే జరిగింది.

2020 మార్చి 20న సింగపూరు ప్రభుత్వం ట్రేస్‌టుగెదర్ యాప్ విడుదల చేసింది. పద్ధతి ముచ్చటైనది. దగ్గరగా ఉన్న రెండు ఫోన్లు బ్లూటూత్ ద్వారా తాత్కాలిక గుర్తింపు సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ సంఖ్యలు తరచూ మారిపోతుంటాయి. మీరెక్కడున్నారో జీపీఎస్‌తో చూడదు, ఎవరి పక్కన ఉన్నారో మాత్రమే రాసుకుంటుంది. ఆ చిట్టా మీ ఫోన్లోనే ఉండి, 25 రోజులకి చెరిగిపోతుంది. మీకు కోవిడ్ వస్తేనే సర్వరుకి చేరుతుంది. ఏప్రిల్లో కోడు కూడా బయటపెట్టారు. మెడలో వేసుకునే టోకెన్ వస్తుందనగానే జనం అనుమానపడితే, ఆండ్రూ హువాంగ్ లాంటి హార్డ్‌వేరు నిపుణుల్ని పిలిచి విప్పి చూసుకోమన్నారు. ఇంజనీరుగా నేను వంక పెట్టడానికేమీ మిగల్లేదు. కోవిడ్ కాంటాక్టుల కోసం తప్ప దీన్ని వాడం అని మంత్రులు కూడా చెప్పారు.

2021 జనవరి 4న పార్లమెంటులో ఒక సభ్యుడి ప్రశ్నకి జవాబిస్తూ హోంశాఖ సహాయమంత్రి చల్లగా చెప్పారు: క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద పోలీసులు ఏ డేటానైనా అడగవచ్చు, ట్రేస్‌టుగెదర్ డేటా కూడా అందులోకే వస్తుంది. అప్పటికే ఒక హత్యకేసులో అడిగారనీ తేలింది. వెబ్‌సైటులోని ప్రైవసీ ప్రకటన ఆ రోజే మారింది. ముందు మాటిచ్చిన మంత్రి వివియన్ బాలకృష్ణన్, అప్పట్లో తనకి ఆ చట్టం తట్టలేదని మర్నాడు సభలోనే ఒప్పుకున్నారు. అప్పటికి దాదాపు 42 లక్షలమంది చేరి ఉన్నారు. అందులో నేనొకణ్ణి.

కోడులో మోసం లేదు. సర్క్యూటులో మోసం లేదు. ఇంటి ముందు తలుపుకి మేం ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టుకుంటుంటే, పెరటి తలుపు చట్టంలో తెరిచే ఉంది.

జనానికి కోపం వచ్చింది. ఊరేగింపులు లేవు. పత్రికలకి ఉత్తరాలు, సభలో ప్రశ్నలు, యాప్ తీసేస్తామన్న బెదిరింపులు, అంతే. ఫిబ్రవరి 2న, అంటే నెల తిరక్కుండానే, కొత్త చట్టం వచ్చింది. పోలీసులు వాడితే హత్య, కిడ్నాపు, ఉగ్రవాదం లాంటి ఏడు రకాల తీవ్ర నేరాలకే వాడాలి. దుర్వినియోగం చేస్తే 20,000 డాలర్ల వరకూ జరిమానా, రెండేళ్ళ వరకూ జైలు. 2023లో ఆ పథకం ముగిసినప్పుడు, ఆ హత్యకేసుకి చెందినది తప్ప మిగతా డేటా చెరిపేశారు.

హంతకుణ్ణి పట్టుకోవద్దా అంటారా? పట్టుకోవాలి. నా పేచీ అది కాదు. ఏ పనికి అడుగుతున్నారో ఆ పనికే వాడాలి. ఇంకో పనికి కావాలంటే ముందు చెప్పి, చట్టం చేసి, హద్దు గీసి వాడాలి. ఇచ్చాక చెబితే అది అడగడం కాదు.

ఈ పాఠం నేను నా చేత్తోనే నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక క్లయింటు దగ్గర పనిచేస్తున్నప్పుడు తలుపులకి కార్డులు పెట్టారు. భద్రత కోసం అన్నారు. ఆరునెలలు పోయాక ఎవరు ఎన్నింటికి వస్తున్నారో, టీకి ఎంతసేపు పోతున్నారో రిపోర్టు కావాలన్నారు. డేటా ఉంది, టేబుల్ ఉంది. ఆ క్వెరీ రాసింది నేనే. పది లైన్లు. ఎందుకని అడగలేదు. ఆ ఏడాది అప్రైజల్లో ఇద్దరికి ఆ రిపోర్టు చూపించారు. వాళ్ళతో రోజూ భోంచేసేవాణ్ణి.

అమెరికాలో ఇప్పుడు జనం భయపడేది ఇలాంటి పది లైన్ల గురించే. పన్ను వసూలుకని తీసుకున్న వివరాలు వలసదారుల్ని వెతకడానికి ఇచ్చేలా 2025 ఏప్రిల్లో ఐఆర్ఎస్ ఒప్పందం చేసుకుంది. అది కోర్టుకెక్కింది. 2025 డిసెంబరు 15 నించి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాలన్నారు. పెళ్ళిఫొటోలు పెట్టుకున్నచోటే ఇప్పుడు ఇంటర్వ్యూ. వాటర్‌గేట్ తర్వాత 1974లో ప్రైవసీ చట్టం, స్నోడెన్ బయటపెట్టాక 2015లో ఫ్రీడం చట్టం వచ్చాయంటే జనం గోలపెట్టబట్టే. మన ఇల్లేమీ అతీతం కాదు. తెలంగాణలో ఫోన్లు దొంగచాటుగా విన్నారన్న ఆరోపణలమీద 2024లో కేసు నడిచింది. అధికారంలో ఉన్నది మనకి నచ్చిన పార్టీయా కాదా అన్నదానిబట్టి ఈ విషయంలో అభిప్రాయం మార్చుకునేవాళ్ళు, రేపు ఆ పాస్‌వర్డు ఎవరి చేతికి పోతుందో ఆలోచించాలి.

మనలో చాలామందికి రోడ్డెక్కే హక్కు లేదు, ఉన్నా ధైర్యం లేదు. వీసా మీద బతుకుతున్నవాడిని నేను తప్పు పట్టను. కానీ ఆ టేబుళ్ళు కట్టేది మనం. ఈ కాలమ్ ఎందుకు, దీన్ని ఎప్పుడు చెరుపుతాం, ఎవరు చూశారన్నది ఎక్కడ నమోదవుతుంది అని డిజైను మీటింగులో అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడిగితే మహా అయితే విసుక్కుంటారు. నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులో అడుగుతున్నాను.

ఆ శనివారం మావాడు వెళ్ళాడట. కూతురి చెయ్యి పట్టుకుని, టోపీ కిందకి లాక్కుని, గంటసేపు నిలబడి వచ్చాడట. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళాడు.

పదిహేనేళ్ళుగా వాడి ఉద్యోగం ఫోన్లకి యాప్‌లు రాయడం.