గీటు గీసి చూడనివ్వండి

నవలలు రాసుకునే మనిషి వీడియో ఆటల మీద పడిందేమిటని మీరు విస్తుపోవచ్చు. పడవలసి వచ్చింది, గిద్దలూరులో ఉండే మా తమ్ముడి కొడుకు వల్ల.

వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మా అమ్మ ఇచ్చిన సంక్రాంతి డబ్బూ, వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించుకున్నదీ కూడబెట్టి, మూడు వేలు పోసి కంప్యూటర్లో ఆడుకునే ఆట ఒకటి కొన్నాడు. ఇంటర్నెట్ అంగడి. పేరెందుకు లెండి. ఆట డౌన్‌లోడ్ కావడానికి రెండు రాత్రులు పట్టింది. తీరా చూస్తే వాడి లాప్‌టాప్‌కి ఆ ఆటని మోసే ఓపిక లేదు. గుర్రం మీది వీరుడు ఒక అడుగు వేసి, తీరిగ్గా ఆలోచించి, ఇంకో అడుగు వేస్తాడు. ఈలోగా శత్రువు వచ్చి పొడిచి వెళ్ళిపోతాడు. సరుకు తిప్పి ఇవ్వడానికి గడువొకటి ఉంటుందని వీడికి తెలిసేసరికి ఆ గడువు కాస్తా దాటిపోయింది.

గిద్దలూరులో రైలెక్కి, మార్కాపురం రోడ్డులో దిగి, మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. "నాన్నకి చెప్పొద్దత్తా. ఆడి చూడకుండా కొనడం నాదే తప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు. ఆడి చూడనివ్వకుండా అమ్మినవాళ్ళ మీద. తప్పు వాళ్ళదైతే లెంపలు వీడు వేసుకుంటున్నాడు!

మాది పలకల ఊరు. నన్ను బళ్ళో వేసే ముందు మా నాన్న పలక కొన్న వైనం నాకింకా గుర్తే. ఒక్కొక్క పలకే తీసి, వేలి కణుపుతో కొట్టి, చెవొగ్గి వినేవారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పొర విడిందన్నమాట. ఆ తర్వాత బలపంతో ఒక గీటు గీసి, తుడిచి, మళ్ళీ గీసేవారు. గీత పడాలి, తుడిస్తే పోవాలి. నాలుగు పలకలు వద్దని పక్కన పెట్టినా కొట్టాయన కిమ్మనలేదు. కొద్ది రూపాయల సరుకది. సంతలో పుచ్చకాయకి గాటు పెట్టి ముక్క చేతికిస్తారు. బెల్లం కొనబోతే చిన్న పెళ్ళ విరిచి నోట్లో వేసుకోమంటారు. అంతెందుకు, పుస్తకాల కొట్లో నిలబడి నా నవల పది పేజీలు చదివి, మళ్ళీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిన మహాతల్లిని నా కళ్ళారా చూశాను. మనసు చివుక్కుమంది గానీ, పుస్తకం లాక్కుని ముందు డబ్బు కట్టమనలేదే!

ఆటలమ్మేవాళ్ళకి ఈ మర్యాద తెలియక కాదు. దీన్ని వాళ్ళు డెమో అంటారు. ఆటలో కొంత భాగం ఊరికే ఇచ్చి, నచ్చితేనే కొనుక్కోమనడం. 1993లో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 'డూమ్' అనే ఆట తెచ్చినప్పుడు, మూడు భాగాల్లో మొదటిది ఊరికే పంచిపెట్టారు. మిగతావి కావాలంటేనే డబ్బు. ఆ కంపెనీ దివాలా తీయలేదు సరికదా, పేరు ప్రపంచమంతా మోగింది. ఆ రోజుల్లో విదేశీ ఆటల పత్రికలు, మన పత్రికలకి షాంపూ పొట్లాలు అంటించినట్టు, డెమోల సీడీలు జత చేసి అమ్మేవి.

మరి ఇప్పుడు చాలా పెద్ద ఆటలకి డెమో ఎందుకుండదు? 2013లో జెస్సీ షెల్ అనే ఆటల రూపకర్త ఒక సభలో లెక్కలు చూపించి, డెమో ఇస్తే అమ్మకాలు సగానికి పడిపోవచ్చన్నాడు. ఆయన చెప్పింది నిజమే అనుకుందాం. రుచి చూసినవాళ్ళలో సగంమంది వద్దని లేచిపోయారంటే, రుచి చూడకుండా కొన్న ఆ సగంమంది ఏమైనట్టు? మోసపోయినట్టే కదా! వ్యాపారానికి లాభమని చెప్పిన మాటే కొనేవాడి పక్షాన సాక్ష్యమవుతోంది.

'సైబర్‌పంక్ 2077' సంగతి చూడండి. ఏళ్ళ తరబడి ట్రైలర్లు చూపించి ఊరించారు. 2020 డిసెంబరులో విడుదలైతే, పాత యంత్రాల మీద ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ వాళ్ళు తమ ఇంటర్నెట్ దుకాణంలోంచి దాన్ని తీసేసి, డబ్బు వాపసిస్తామన్నారు. ఆ పాత యంత్రం మీద ఒక్క అరగంట డెమో ముందే ఇచ్చి ఉంటే ఎవరు కొనేవారు?

డెమో తయారు చేయడానికి ఖర్చవుతుంది, కాదనను. కానీ స్టీమ్ అనే ఆటల అంగడిలో 2021 నుంచి ఏడాదికి మూడు మార్లు నెక్స్ట్ ఫెస్ట్ అని వారం రోజుల తిరునాళ్ళ పెడుతున్నారు. వందల డెమోలు! వాటిలో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసిన చిన్న ఆటలవి. ఉన్నదంతా ఊడ్చి ఆట చేసినవాడు రుచి చూపిస్తుంటే, కోట్లు పోసినవాడికి చెయ్యి రాదు! పెద్దవాళ్ళందరూ అలా ఉన్నారనను. 2023లో 'ఫైనల్ ఫాంటసీ 16' వాళ్ళు మొదటి రెండు గంటల ఆట ఊరికే ఇచ్చారు. కొన్నాక ఆపిన చోటునుంచే ఆడుకోవచ్చు.

వాపసు తీసుకుంటున్నాంగా అంటారు. అదే స్టీమ్‌లో 2015 నుంచి, కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే, డబ్బు తిరిగి అడగవచ్చు. మంచిదే. కానీ అడగడానికి ముందు చెల్లించాలిగా! కొన్ని ఆటల్లో రెండు గంటలకి కథానాయకుడు ఇంకా ఊరు దాటనే దాటడు.

డెమోలూ బొంకుతాయి, నిజమే. పెళ్ళిచూపుల నాటి ఉప్మా రోజూ దొరకదు. అయినా లాప్‌టాప్ మోస్తుందో మోయదో మాత్రం తేలిపోతుంది. మావాడికి కావలసింది అంతే.

మొన్నటి తిరునాళ్ళ అయ్యాక ఫోన్ చేశాడు. "అత్తా, పదకొండు డెమోలు ఆడాను. ఒక్కటీ కొనలేదు." వెనక నుంచి మా తమ్ముడి కేక: "ఊరికే వస్తున్నాయని చదువు మానేశాడక్కా!" అదీ నిజమే అయ్యుండాలి. తర్వాత గొంతు తగ్గించి, ఒకటి మాత్రం బాగుంది, నాలుగు వందలే, లాప్‌టాప్ వేడెక్కలేదు అన్నాడు.

పంపించాను.