పెట్టెలో పియానో

పియానో కొనాలంటే ముందు దాన్ని పెట్టుకోవడానికి ఇల్లు కొనాలి. కచేరీలలో వాయించే పెద్ద పియానో దాదాపు తొమ్మిది అడుగుల పొడుగు, సుమారు 500 కిలోల బరువు. మన పాత సినిమాలలో కథానాయకుడు దాని ముందు కూర్చుని పాట అందుకున్నాడంటే, అది జమీందారుగారి మేడ అని వేరే చెప్పనక్కరలేకపోయేది. ఇప్పుడా పియానో కంప్యూటరులోకి వచ్చి కూర్చుంది. ఇంట్లోనే పాటలు కట్టి రికార్డు చేసుకునే కుర్రకారు వీధికి ఒకరిద్దరున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు నన్నడిగేది ఒక్కటే: "ఉచితంగా దొరికేది చాలదుటండీ? వేలు పోసి కొనమంటున్నాడు మావాడు!"

జవాబుకు ముందు ఈ సరుకు ఎలా తయారవుతుందో చూద్దాం. ఇందులో రెండు జాతులున్నాయి. మొదటి జాతివారు అసలు పియానోను స్టూడియోలో పెట్టి, మెత్తగా ఒకసారి, కొంచెం గట్టిగా ఒకసారి నొక్కుతూ పలు స్థాయిలలో రికార్డు చేస్తారు. మీ వేలు పడగానే ఆ రికార్డు పలుకుతుంది. ఉచితంగా దొరికే సాలమాండర్ ఇలాంటిదే. ఒక యమహా సి5 పియానోను 16 స్థాయిలలో రికార్డు చేసి దాన్ని తయారు చేశారు. ఖరీదైన కీస్కేప్‌లో పియానోతోబాటు ఇంకా ఎన్నో మెట్ల వాద్యాలున్నాయి. పూర్తిగా ఎక్కిస్తే 77 గిగాబైట్ల చోటు మింగుతుంది.

రెండో జాతివారు రికార్డుల జోలికే పోరు. సుత్తి తీగను ఎలా కొడుతుంది, చెక్కపలక ఎలా అదురుతుంది అని లెక్కకట్టి, స్వరాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తారు. ఫ్రాన్సులో 2006లో వెలువడిన పియానోటెక్ ఈ కోవలోది. డిస్కులో అది ఆక్రమించే చోటు మొదటి జాతి ముందు ఆవగింజంత. మొదటిది ఫోటో అనుకోండి, రెండోది చిత్రకారుడు గీసిన బొమ్మ. ఫోటోలో పోలిక చక్కగా ఉంటుంది. కాని తీసినప్పుడు నవ్వకపోతే, తర్వాత నవ్వమన్నా నవ్వదు. బొమ్మను ఎలాగైనా దిద్దుకోవచ్చు. కొందరి చెవికి మాత్రం అది బొమ్మేనని తెలిసిపోతుంది. మీ కంప్యూటరులో చోటు తక్కువైతే రెండో జాతే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. మా వీధిలో ఒక అమ్మాయి కొత్తగా ఈ విద్యలో దిగింది. నెల తిరక్కుండానే, "నాకు తాళజ్ఞానం లేదు, మానేస్తాను" అని కూర్చుంది. ఆమె మాస్టారూ అదే మాట అన్నారట. తీరా చూస్తే తప్పు వేళ్ళది కాదు, యంత్రానిది. కంప్యూటరు ధ్వనిని కొంచెం కొంచెంగా పోగుచేసి బయటికి పంపుతుంది. ఆ పోగును బఫర్ అంటారు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, 1024 నమూనాల బఫర్ పెడితే అక్కడే 23 మిల్లీసెకన్లు ఆలస్యం. అంటే ఎనిమిది మీటర్ల అవతల ఉన్న పియానోను ఇక్కడినుంచి వాయించడమన్నమాట! 256కు తగ్గిస్తే ఆలస్యం 6 మిల్లీసెకన్లకు దిగుతుంది. మరీ తగ్గిస్తే ధ్వని చిటపటలాడుతుంది గనక కంప్యూటరు శక్తినిబట్టి సర్దుకోవాలి. ఆ అమ్మాయి కంప్యూటరులో అది సర్దాక తాళం దానంతటదే కుదిరింది. పిల్లలకు విద్య రాదని తేల్చేముందు ఈ అంకె ఒకసారి చూడండి.

ఇక ఎంపిక. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫొరీ ఈ వాద్యాన్ని కనిపెట్టినప్పుడు, దాని గొప్పంతా మెత్తగానూ గట్టిగానూ పలకడంలోనే ఉంది. పేరులోని అర్థమూ అదే. అంచేత అట్టహాసంగా వాయించి చూపే ప్రకటనలకు మోసపోకండి. ఒక్క మెట్టు అతి మెత్తగా నొక్కి, స్వరం ఆరిపోయేదాకా వినండి. మెల్లగా బలం పెంచుతూ పోండి. మెట్లు దిగినట్టు కాక వాలు దిగినట్టు మారాలి. పెడలు తొక్కి నాలుగు స్వరాలు కలపండి. చివరికి మీ పాటలోనే గొంతు పక్కన పెట్టి వినండి. ఒంటరిగా బ్రహ్మాండంగా ఉన్న పియానో గొంతును మింగేస్తే మన పాటకు పనికిరాదు. పియానోటెక్ నమూనా ప్రతి ఉచితంగానే ఇస్తారు. కొన్ని మెట్లు పలకవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. అయినా పరీక్షకు చాలు.

డబ్బు ఖర్చుపెట్టే వరస కూడా చెబుతాను. ముందు వేలి బలాన్ని గుర్తించే, బరువైన మెట్ల కీబోర్డు; తర్వాత పెడలు; ఆ తర్వాత మంచి హెడ్‌ఫోన్లు. సాఫ్ట్‌వేరు చివర. బొమ్మ కీబోర్డుకు ఖరీదైన పియానో తగిలించడం ఎడ్లబండికి విమానం రెక్కలు కట్టడమే. ఇంకో మాట: మన రాగాలలోని గమకాన్ని పియానో మెట్టు పలికించలేదు. ఎంత ఖర్చుపెట్టినా అంతే. అక్కడ దాన్ని గొంతుకు తోడుగా ఉంచండి.

అందుకని తల్లిదండ్రులకు నా సలహా ఇది. ఉచితంగా దొరికిన పియానోతో మూడు పాటలు పూర్తిగా కట్టి వినిపించమనండి. మూడోది అయ్యేసరికి ఇందులో ఫలానా లోపం ఉందని మీవాడే వేలుపెట్టి చూపిస్తే, నిక్షేపంగా కొనిపెట్టండి. చూపించలేకపోతే నాలుగో పాట కూడా దాంతోనే కట్టమనండి.