తొడుక్కునేవాళ్ళే తుడుచుకోవాలి

"అమ్మా, నా లెదర్ జాకెట్‌కి బూజు పట్టింది, చూసుకోలేదా?" అన్నాడు మా అబ్బాయి. ఒళ్ళు మండింది. వానలో బైక్ మీద తడిసొచ్చి, తడి తడిగానే ప్లాస్టిక్ కవర్లో కుక్కి బీరువాలో పడేసింది నేనా?

తోలంటే చర్మమే కదండీ. గాలాడకపోతే బూజు పడుతుంది, ఎండలో పడేస్తే బిరుసెక్కి పగులుతుంది. తడిస్తే పొడిగుడ్డతో అద్ది, హ్యాంగర్‌కి తగిలించి నీడన ఆరనివ్వాలి. ఆరాక లెదర్ కండిషనర్ పల్చగా పట్టించాలి. ముందు లోపలివైపు ఓ మూల రాసి రంగు మారుతుందేమో చూసుకోవాలి. మా అత్తగారన్నట్టు కొబ్బరినూనె రాస్తే రంగు ముదిరిపోతుంది. ఆపైన తేనెమైనం కలిసిన క్రీము రాస్తే నీళ్ళు జారిపోతాయి. అయినా జోరువానలో కుట్లలోంచి నీళ్ళు దిగుతాయి. మైనం అరిగిపోతే మళ్ళీ రాయాల్సిందే.

కష్టమైన పనేం కాదు. మరి అదీ అమ్మ ఖాతాలోనే ఎందుకు పడాలి? "మగపిల్లాడు, వాడికేం తెలుసు" అని వెనకేసుకొచ్చింది మనమే. మాన్పించాల్సిందీ మనమే. ఎలా రాయాలో చెప్పి, డబ్బా వాడి చేతిలో పెట్టాను. రాసుకోకపోతే బూజు జాకెట్టే తొడుక్కుంటాడు. నేను మాత్రం ముట్టుకోను. ఏమంటారు?