యాభై ఐదుగురు శత్రువులు

వీడియో గేము అనే మాట వినగానే మన ఇళ్లలో పెద్దలు కోపగించుకుంటారు. ఆట ఎలాంటిదో చూడకుండా బెత్తం తీయడం తగదు గనుక, ఈ కలవరానికి తొలినాళ్లలోనే కారణమైన 'స్పేస్ ఇన్వేడర్స్' గూర్చి ఈ నెల చెప్పుకుందాం.

దీనిని 1978లో జపానులో తొమోహిరో నిషికాడో అనే ఆయన టైటో కంపెనీ కోసం తయారుచేశాడు. తెర పైభాగాన ఐదు వరుసలుగా, వరుసకు 11 చొప్పున, 55 వింత జీవులుంటాయి. అవి పక్కకు నడిచి, అంచు తగలగానే ఒక మెట్టు కిందికి దిగి, రెండోవైపుకు మళ్లుతాయి. ఆడేవానికి అడుగున ఒక ఫిరంగి ఉంటుంది. అది కుడి ఎడమలకే జరుగుతుంది. చాటుకు నాలుగు గోడలున్నా, దెబ్బలకు అవి పెళ్లలుగా రాలిపోతాయి. జొన్నచేలో మంచెమీద వడిసెలతో నిలిచిన కుర్రవానిని తలచుకోండి. ఇక్కడ పిట్టలు కూడా తిరిగి కొడతాయి!

జీవులు చచ్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఇది మొదట అనుకుని చేసింది కాదు. 55 బొమ్మలను కదిలించడం ఆనాటి చిన్న ప్రాసెసరుకు భారమైంది. బొమ్మలు తగ్గగానే అది చురుకైంది. నిషికాడో దానిని సరిచేయక అలాగే ఉంచాడు. వెనుక నాలుగు స్వరాల మోత కూడా గుండె దడలా త్వరపడుతుంది. పిల్లవాడు పిలిస్తే పలకడంలేదంటే ఇదే కారణం. 55 మందినీ చంపితే మరో 55 మంది వస్తారు, ఈసారి ఇంకా కిందినుండి. గెలుపనేది లేదు. ఓడిపోతే ఇంకో నాణెం వేయాలి.

ఒక సంగతి నన్ను ఆలోచింపజేసింది. మనుషుల బొమ్మలైతే కదలిక తేలికగా కుదిరేదట. కాని మనిషిని కాల్చే ఆట తగదని కంపెనీవారు ఒప్పుకోలేదు. అందుకే ఆక్టోపస్, పీత, స్క్విడ్ ఆకారాలు వచ్చాయి. వ్యాపారస్థులే ఆ గీత గీసుకున్నారు! తరువాతి గేములు ఎన్నో ఆ గీతను దాటిపోయాయి.

జపానులో ఈ ఆట కోసమే ప్రత్యేకంగా దుకాణాలు వెలిశాయి. దేశంలో 100 యెన్ నాణేలకే కరువు వచ్చిందని ఒక కథ చెబుతారు. అది నమ్మదగినది కాదు. మన ప్రసంగాలలో వాడకుందుము.

బ్రిటనులో 1981 మే నెలలో జార్జి ఫౌక్స్ అనే లేబర్ సభ్యుడు పార్లమెంటులో ఒక బిల్లు తెచ్చాడు. పిల్లలు బడి ఎగ్గొడుతున్నారు, ఆట నిమిత్తం డబ్బు దొంగిలిస్తున్నారు, కాబట్టి ఈ యంత్రాలపై స్థానిక కౌన్సిళ్లకు అధికారం ఇవ్వాలన్నాడు. కన్సర్వేటివ్ సభ్యుడొకడు లేచి, తాను సభకు వచ్చే ముందే ఆ ఆట ఆడి వచ్చానని, అందుకు సిగ్గుపడనని చెప్పాడు. ఫౌక్స్ చెప్పిన భయం నిజమైనదే. అయినా కుర్రవాని జేబులో నాణెం ఎక్కడిదని అడగవలసినది ముందు ఇంట్లో తండ్రి, తరువాతే కౌన్సిలు, అని నా అభిప్రాయం. నాతో ఏకీభవించని తల్లులు మన సంఘాలలో చాలామంది ఉంటారని ఎరుగుదును. ఆ సభలోనూ తేడా స్వల్పమే: బిల్లుకు అనుకూలంగా 94 మంది, వ్యతిరేకంగా 114 మంది ఓటు వేశారు.