ఫోటో ఎక్కకపోతే కూలీ కాదా?

చెరువులో పొద్దున్నుంచి మట్టి తవ్విన మనిషి ఎదటే నిలబడుంటాది. మేటు ఫోను ఎత్తుతాడు. సిగ్నలుండదు, ఫోటో ఎక్కదు. ఆ రోజు ఆమె పనికి రానట్టే! "ఏటి బాబూ, నాను నీ కంటికి అగుపడ్నేదా?" అంటే జవాబుండదు. ఆఫీసు మెట్లెక్కితే "సిస్టం తీసుకోలేదమ్మా" అంటారు.

ఎవరీ సిస్టం? దాని మీద అర్జీ ఎవరికివ్వాలి?

మన విజయనగరం జిల్లాకి ఉపాధి హామీ 2006లో, మొదటి విడతలోనే వచ్చింది. చీపురుపల్లి స్టేషన్లో మూటాముల్లెతో వలస రైలెక్కే మనవాళ్ళు కొందరైనా ఆ పనితో ఊళ్ళో నిలబడ్డారు. అప్పుడూ కంప్యూటరుంది. అయితే అందులోంచి మస్తర్లు తీసి, సామాజిక తనిఖీలో ఊరి నడుమ పేరుపేరునా చదివేవారు. "నాను పనికెళ్ళనేదు, నా పేరున డబ్బెలాగ తీసినారు?" అని మన పేట ఆడకూతురు నిలదీయగలిగేది. తిన్న సొమ్మంతా కక్కించలేదనుకోండి, అది వేరే గోడు.

తర్వాత యంత్రం మొహం మనవైపు తిప్పారు. 2023 జనవరి 1 నుంచి ప్రతి పనిచోటా రోజుకి రెండు ఫోటోలన్నారు. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బుకి ఆధార్ ముడి తప్పదన్నారు. జాబ్ కార్డులో పేరొకలాగ, ఆధార్‌లో ఇంకోలాగ ఉంటే చిక్కే. మన పేర్లు సరిగ్గా రాసిన గుమాస్తా ఏనాడున్నాడు గనక! పోనీ దొంగలు ఆగారా? ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది. ఆ డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పని అంటూ కొత్త చట్టం చేసి, బయోమెట్రిక్ తనిఖీని అందులోనే రాసేసింది.

యంత్రం వద్దని మనం అనడం లేదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకి సాయం తీసుకున్న వేలాది కుటుంబాలని పన్నుల శాఖ దొంగలుగా లెక్కకట్టింది. ఎవరిని అనుమానించాలో చెప్పినవాటిలో కంప్యూటరు లెక్క ఒకటి. నలిగినవాళ్ళలో వలసొచ్చిన కుటుంబాలెన్నో. సంగతి బయటపడ్డాక 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఇక్కడ కూలి పోతే ఒక్క గుమాస్తా కూడా బాధ్యుడు కాడు!

ఫోను పనిచేయని రోజు కాగితం మస్తరు చెల్లాలి. వేలిముద్ర పడకపోతే తోటి కూలీల సాక్ష్యం చెల్లాలి. కూలి ఆపితే, ఆపినవాడి పేరూ కారణమూ తెలుగులో, సంతకంతో ఇవ్వాలి.

మేటులూ, మీరూ మన పేటల పిల్లలే. ఫోటో ఎక్కని రోజు పేర్లు నోటుపుస్తకంలో రాసి, అందరి సంతకాలు తీసుకోండి. వచ్చే గ్రామసభకి ఆ పుస్తకాలు పట్టుకురండి. అర్జీకి రశీదు ఇచ్చేదాకా కదలొద్దు.