బేరం ఎవరితో ఆడుతున్నాం?

రంజాన్ చివరి పది రోజుల్లో పత్తర్‌గట్టి, లాడ్‌బజార్‌లలో కాలు మోపే చోటుండదు. అక్కడ రెండు వందలు తగ్గించి తెచ్చుకున్న సూటు గురించి ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ రెండు వందలు దుకాణదారు జేబులోంచి పోయాయని మన నమ్మకం. అది వట్టి భ్రమ అని మేమంటున్నాం. దుకాణదారు ఆ మొత్తాన్ని కార్ఖానాదారుకు తగ్గిస్తాడు, అతడు దళారికి తగ్గిస్తాడు. దళారి తగ్గించడానికి ఇక మిగిలేది పాతబస్తీ ఇరుకు గదిలో కార్చోబ్ ముందు వంగి జర్దోజీ కుట్టే ఆడకూతురే.

ఆమెకిచ్చేది పీసు లెక్కన కూలి. కరెంటు ఖర్చు ఆమెదే, పాడయ్యే కళ్ళూ ఆమెవే. ఆమె పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండదు. రిజిస్టరులో పేరు లేని మనిషికి చట్టం ఎంత దూరమో గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీని 1966 నాటి చట్టమే కార్మికురాలిగా గుర్తించింది. 1976లో బీడీ కార్మికుల కోసం సంక్షేమ నిధి కూడా ఏర్పడింది. సూది పట్టిన చేతికి అటువంటి ప్రత్యేక చట్టమేదీ లేదు. ఇంటి వద్ద పనిచేసేవారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించినా, మన దేశం దానిని ధ్రువీకరించలేదు.

“మేమే పేదలం, ఎక్కువ ధర ఎక్కడ పెట్టగలం?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పెళ్ళి సూట్లకు వేలు పోసే కుటుంబాలూ మనలోనే ఉన్నాయి. మా మాట ముందుగా వారితోనే.

కొనడం మానేయమని మేము చెప్పడం లేదు. మానేస్తే ఉన్న కూలీ పోతుంది. ఢాకా సమీపంలోని సావర్‌లో 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడలకు పగుళ్ళు కనిపించాయి. అదే భవనంలోని బ్యాంకు తన సిబ్బందిని ఇళ్ళకు పంపింది, కుట్టుపనివారిని మాత్రం మర్నాడు లోపలికి పిలిచారు. ఆ తర్వాత కార్మిక సంఘాలు కంపెనీలను చట్టబద్ధమైన భద్రతా ఒప్పందానికి పట్టుబట్టాయి. దేశదేశాల కొనుగోలుదారులు వాటి వెంట నిలిచారు. ఆ ఒత్తిడికి చివరకు 200కు పైగా కంపెనీలు సంతకం చేశాయి. దూరదేశపు కొనుగోలుదారులు చేయగలిగింది చార్మినార్ నీడన కొనే మనకు అసాధ్యమా?

మమ్మల్ని ఎక్కువగా బాధించేది మరొకటుంది. ఏడాది పొడవునా కూలిలో కోత పడిన ఆ స్త్రీయే రంజాన్ రాగానే జకాత్ కోసం దుకాణదారు గుమ్మం ముందు వరుసలో నిలబడుతుంది. ఆమెకు రావలసిన సొమ్మునే దానమని చేతిలో పెడితే, దీవెనలు కూడా ఆమే ఇచ్చి వెళ్ళాలి!

కనుక కొనేముందు దుకాణంలో ఒక్క మాట అడగండి: “ఈ పని చేసినవారికి ఎంత ముట్టింది?” ఒక్కరడిగితే విసుక్కుంటారు, వీధికి పది కుటుంబాలు అడిగితే లెక్క చెప్పక తప్పదు. మసీదు కమిటీలలో వస్త్ర వ్యాపారులూ ఉంటారు. పీసు ధరలను దుకాణంలో రాసి పెట్టమని వారిని అక్కడే అడగవచ్చు. ఆర్డరు షబే బరాత్ నాటికే ఇస్తే ఆమెకు ఉపవాసపు రాత్రుళ్ళు సూదితో జాగరణ తప్పుతుంది. మీ వీధిలోని దర్జీకి, మగ్గం పనిచేసే ఆమెకు “ఈద్ అయ్యాక చూద్దాం” అనకుండా, బట్ట చేతికందిన రోజే మొత్తం కూలి ఇచ్చేయండి.