మౌనం ఎవరికి అంగీకారం?

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. వలసపాలన నాటి శిక్షాస్మృతిని సాగనంపి, దండన స్థానంలో న్యాయాన్ని కూర్చోబెట్టామని పాలకులు ఘనంగా చాటుకున్న రోజది. ఆనాడు దేశ రాజధానిలో ఆ సంహిత కింద నమోదైన మొదటి కేసు హంతకుడి మీదా కాదు, బ్యాంకులను ముంచిన ఘరానా మనిషి మీదా కాదు. న్యూఢిల్లీ రైల్వే స్టేషను దగ్గర పాదచారుల వంతెన కింద బండి పెట్టుకుని సరుకులమ్ముకుంటున్న ఒక చిరువ్యాపారి మీద. బీహారు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. దారికి అడ్డంగా ఉన్నాడన్నది అభియోగం, సెక్షను 285. సంగతి రచ్చకెక్కాక కేంద్ర హోంమంత్రి సర్దుబాటు మాటలు చెప్పారు. దేశంలో తొలి కేసు గ్వాలియరులో జరిగిన మోటారు సైకిలు చోరీదనీ, చిరువ్యాపారి మీది కేసును సమీక్షించి కొట్టివేశారనీ వివరించారు.

కేసు పోయింది. సెక్షను మాత్రం ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి జరిమానా 200 రూపాయలకు మించేది కాదు. కొత్త సంహిత దాన్ని 5,000 దాకా పెంచింది. రోజుకు నాలుగైదు వందలు మిగిలితే పండగ అనుకునే మనిషికి ఆ సొమ్ము ఎన్ని రోజుల కూడో లెక్క కట్టడానికి పెద్ద ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఆ బండివాడికి రక్షణగా ఒక చట్టం లేకపోలేదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనని, సహేతుకమైన ఆంక్షలకు మాత్రమే అది లోబడుతుందని సర్వోన్నత న్యాయస్థానం 1989లోనే, సోదన్ సింగ్ కేసులో చెప్పింది. చట్టం చేయడానికి ఢిల్లీ పెద్దలకు మరో పాతికేళ్లు పట్టింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం నిజానికి మంచి చట్టం. పట్టణంలోని వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి, కనీసం ఐదేళ్లకొకసారి ఆ సర్వే మళ్లీ జరగాలి, గుర్తించినవారికి విక్రయ ధ్రువపత్రం ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం స్థానాలు ఆ వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులకే దక్కాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది మూడో సెక్షనులోని మాట: సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు అందేదాకా ఏ ఒక్కరినీ ఖాళీ చేయించరాదు.

చదువుతుంటే కడుపు నిండుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి పురపాలక కార్యాలయంలోని ఒక బల్ల. సర్వే జరిపేది ఆ బల్ల వెనక ఉన్నవారే. ధ్రువపత్రం ఇచ్చేదీ, ఇవ్వక జాగు చేసేదీ, ధ్రువపత్రం లేదన్న కారణంతో బండి ఎత్తుకుపోయేదీ వారే. తైబజారు అనో ఆశీలు అనో తెల్లారేసరికి రుసుము వసూలు చేసుకునేది కూడా ఆ సంస్థే. రశీదు చింపి డబ్బు తీసుకున్నప్పుడు ఆ మనిషి అక్కడ వ్యాపారం చేస్తున్నట్టు సంస్థకు తెలుసు. ధ్రువపత్రం అడిగినప్పుడు మాత్రం ఆమె ఎవరో తెలియదు. 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి పేరుతో 10,000 రూపాయల రుణ పథకం తెచ్చినప్పుడు సర్వేలో పేరులేని వ్యాపారుల కోసం పురపాలక సంస్థలు సిఫారసు లేఖలు ఇవ్వవచ్చని నిబంధన పెట్టుకోవలసి వచ్చింది. చట్టం వచ్చి ఆరేళ్లయినా సర్వేలు సక్రమంగా జరగలేదని సర్కారు తన చేతిరాతతో ఒప్పుకున్నట్టే అది. అప్పు ఇవ్వడానికి మనిషిని గుర్తుపట్టగల ప్రభుత్వం, ఆ మనిషి నిలబడే ఆరడుగుల చోటును ఎందుకు గుర్తుపట్టలేదు?

ఆ బల్ల ఎలా పనిచేస్తుందో తిరిగినవారికి తెలుసు. దరఖాస్తును కాదని ఎవరూ కాగితం మీద రాయరు. కాదని రాస్తే కారణం చెప్పాలి. కారణం చెబితే అప్పీలుకు దారి దొరుకుతుంది. అందుకని కొర్రీ వేస్తారు. ఒకసారి అద్దె ఒప్పందం లేదంటారు, మరోసారి ఫొటో పాతదంటారు, ఇంకోసారి సంబంధిత అధికారి సెలవులో ఉన్నారంటారు. ఆధార్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు ఉన్న ఆడమనిషి తెలుగు నేల మీద ఇంటింటా ఉంటుంది. ఆ ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మంటారు. తాను తానేనని ప్రమాణం చేయడానికి ఆమె ఒక పూట కూలి వదులుకుని నోటరీ దగ్గరకు పోవాలి.

నోటరీ ఆ కాగితం మీద వేసే ముద్ర దేనికి సాక్ష్యం? 1952 నాటి నోటరీల చట్టం ప్రకారం ఆయన ప్రమాణం చేయించగలడు, సంతకం తన ఎదుట జరిగిందని ధ్రువీకరించగలడు. అందులో రాసిన సంగతి నిజమని ఆయన పూచీ పడడు, పడలేడు కూడా. పుట్టింటి పేరు, అత్తింటి పేరు ఒకే మనిషివని ఆయనకు ఆ ఉదయం దాకా తెలియదు. అబద్ధపు ప్రకటన చేసినవారిని శిక్షించడానికి చట్టంలో సెక్షన్లకు కొదవలేదు. అటువంటప్పుడు ఆమె సంతకానికి లేని విలువ ఎర్ర ముద్రకు ఎక్కడినుంచి వచ్చింది? గెజిటెడ్ అధికారి సంతకాల కోసం జనాన్ని తిప్పవద్దని, స్వీయ ధ్రువీకరణను అంగీకరించాలని 2014లో కేంద్రమే మంత్రిత్వ శాఖలకూ రాష్ట్రాలకూ చెప్పింది. పౌరుడి మాటను నమ్మే రోజులు వచ్చాయని అప్పట్లో కొందరు సంబరపడ్డారు. ఆ నమ్మకం దరఖాస్తుకు జతచేసే నకళ్లకు వర్తించిందే గాని, బల్ల ముందు నిలబడిన మనిషికి వర్తించలేదు.

పౌరుడి మాటను నమ్మడం ఈ రాజ్యానికి చేతకాదనుకుంటే పొరపాటు. సరిగ్గా అదే 2014లో తెలంగాణ శాసనసభ పరిశ్రమల అనుమతుల కోసం టీఎస్ ఐపాస్ చట్టం చేసింది. ఆ చట్టం పేరులోనే స్వీయ ధ్రువీకరణ ఉంది. పారిశ్రామికవేత్త తన మాట తాను ధ్రువీకరించుకోవచ్చు. భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజులు గడువు. ఆలోగా అధికారి నోరు విప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ ఇదే సూత్రాన్ని భవన నిర్మాణానికి తెచ్చింది: పెద్ద భవనాలకు 21 రోజుల గడువు, అది దాటితే అనుమతి ఇచ్చినట్టే. న్యాయంగా చెప్పాలంటే 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి అనుమతి బాదరబందీ లేకుండా చేసి, ఆ చట్టం పేదలకూ కొంత మేలు చేసింది. వ్యాపార సౌలభ్యం పేరుతో ఈ పద్ధతి ఇవాళ దేశంలో పలు రాష్ట్రాలకు పాకింది. అధికార పక్షమేదైనా, జెండా రంగేదైనా ఈ విషయంలో అందరిదీ ఒకే మాట.

మౌనం అర్ధాంగీకారమంటారు పెద్దలు. పెట్టుబడి ఎదుట అధికారి మౌనం పూర్తి అంగీకారమైంది. బండి ఎదుట అదే అధికారి మౌనం నిరాకరణ. ఒకే ప్రభుత్వం, ఒకే జీతం, ఒకే ముద్ర. ఎదుట నిలబడ్డ మనిషిని బట్టి మౌనానికి అర్థం తిరగబడుతోంది.

దీనికి వినిపించే సమాధానం పాతదే. అడ్డూ అదుపూ లేకుండా అనుమతులిస్తే నడవడానికి దారి మిగలదని, దొంగ ధ్రువపత్రాలు పుట్టుకొస్తాయని, అక్రమ చొరబాటుదారులకు కాగితాలు చేతికందుతాయని భయపెడతారు. నడిచే దారి గురించిన బెంగ సబబైనదే. ఆ మాటకొస్తే జనాభాలో రెండున్నర శాతానికి మించి వీధి వ్యాపారులకు చోటివ్వనక్కర్లేదని ఆ చట్టమే పరిమితి పెట్టింది. ఇక మోసం సంగతి. గుడ్డిగా నమ్మడం వల్ల ఎవరి నుంచి ఎంత ముప్పు? 2020 మే 7 వేకువన విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. అంతకు ఏడాది ముందే, 2019 మేలో, ఉత్పత్తికి తగిన చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ సంస్థ అనుమతి కోసం సమర్పించిన అఫిడవిట్‌లో స్వయంగా రాసిచ్చింది. అంటే నేరం ఒప్పుకున్న అఫిడవిట్ దస్త్రంలో ఉండగా కర్మాగారం నడిచింది. జామకాయలమ్మే మనిషి అఫిడవిట్‌లో ఒక అక్షరం తప్పుపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

కాగితాల తనిఖీ ఎంత పటిష్ఠమో బీహారు చూపించింది. 2025 జూన్ 24న ఎన్నికల సంఘం అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించి, 11 రకాల పత్రాల జాబితా ఇచ్చి, నెల రోజుల గడువు పెట్టింది. జనన ధ్రువపత్రం అందులో ఉంది, శాశ్వత నివాస ధ్రువపత్రం ఉంది. జనం దగ్గర నిజంగా ఉన్న ఆధార్ లేదు. సెప్టెంబరు 8న సర్వోన్నత న్యాయస్థానం ఆదేశిస్తే గాని అది పన్నెండో పత్రంగా చేరలేదు. కూలీలు, వలసజీవులు నివాస ధ్రువపత్రం కోసం కార్యాలయాల ముందు బారులు తీరిన ఆ రోజుల్లోనే, పట్నా దగ్గరి మసౌఢీలో ‘డాగ్ బాబు’ పేరిట, కుక్క బొమ్మతో, అధికారి డిజిటల్ సంతకంతో నివాస ధ్రువపత్రం జారీ అయింది. తండ్రి పేరు కుత్తా బాబు. తర్వాత దాన్ని రద్దు చేశారనుకోండి. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో మాత్రం 65 లక్షల పేర్లు కనిపించలేదు.

ఇక్కడే ఈ వ్యవహారం బండి నుంచి పౌరసత్వం దాకా పాకుతుంది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం అదే ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన బిడ్డకు బడిలో ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, ఆధార్, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం వంటివాటికి పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసేది జనన ధ్రువపత్రమొక్కటే. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో నమోదైన జననాలు 89 శాతం. నూటికి 11 మంది పిల్లలు ఆ పుస్తకంలో లేరు. వారు ఏ బస్తీల్లో, ఏ తండాల్లో, ఏ ఇటుక బట్టీల దగ్గర పుట్టారో చెప్పనక్కర్లేదు. ఏడాది దాటితే నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తల్లి చెప్పుల అరుగుదలను బట్టి బిడ్డ భవిష్యత్తు తేలుతుందన్న మాట. కాగితానికి ఇంత బరువు ఎత్తిన పార్లమెంటు, ఆ కాగితం ఇవ్వవలసిన బల్లకు ఏం చేసింది? 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలతో పన్నెండో షెడ్యూలును రాసింది. జనన మరణాల నమోదు అందులో ఉంది. దేశంలోని పురపాలక సంస్థలన్నింటి రాబడి స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే దశాబ్దానికి పైగా ఆగిపోయిందని రిజర్వు బ్యాంకు 2022లో తేల్చింది. బెంగళూరు మహానగర పాలికె గడువు 2020 సెప్టెంబరులో, ముంబయిది 2022 మార్చిలో ముగిశాక, ఏళ్ల తరబడి అక్కడ ఎన్నికైన సభలే లేవు. గుమస్తాను నిలదీయడానికి కార్పొరేటరు కూడా లేని ఊళ్లో పేదవాడు ఎవరికి మొరపెట్టుకోవాలి?

గుమస్తాను విలన్‌గా నిలబెట్టి చేతులు దులుపుకోవడం కూడా తప్పే. ఆయన మీద వంద దస్త్రాలు, ఆయన పక్కన ఖాళీ కుర్చీలు. అయితే ఆలస్యానికి ధర కట్టినప్పుడు రాజ్యం ఎవరి పక్షాన నిలిచిందో చూడాలి. 2010లో దేశంలోనే మొదటి సేవల హామీ చట్టం చేసిన మధ్యప్రదేశ్, జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 5,000 జరిమానా పెట్టింది. కర్ణాటక సకాల చట్టం ఇప్పించే పరిహారం రోజుకు 20 రూపాయలు, మొత్తం 500కు మించదు. బండి ఒక్క పూట దారికి అడ్డమైతే 5,000. బల్ల నెలల తరబడి బతుకుకు అడ్డమైనా అంతకు మించదు.

దేశమంతటికీ వర్తించే సేవల హక్కు బిల్లు 2011 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. 2014లో సభ రద్దవడంతో దానికీ కాలం చెల్లింది. తర్వాతి మూడు లోక్‌సభల్లో నేర చట్టాలు మూడూ మారాయి, పౌరసత్వ చట్టం మారింది, జనన నమోదు చట్టం మారింది. ఆ బిల్లును తిరిగి చట్టం చేయాలన్న తొందర ఏ ప్రభుత్వానికీ కలగలేదు. ప్రతిపక్షం కూడా ఓటర్ల జాబితా మీద పడిన దెబ్బకు వీధుల్లోకి వచ్చింది గాని, ఆ దెబ్బకు మూలమైన బల్ల జోలికి పోలేదు.

అంత పెద్ద బిల్లు ఇప్పట్లో కుదరదనుకుంటే చిన్న పని ఒకటి ఉంది. వీధి వ్యాపారుల చట్టం నాలుగో సెక్షనులో ఒక ఉపవాక్యం చేర్చాలి: ధ్రువపత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తు 30 రోజుల్లో తేలకపోతే, దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రశీదే ధ్రువపత్రంగా చెల్లుతుంది. జనన నమోదు చట్టంలోనూ ఇటువంటిదే ఒకటి. దీనికి కొత్త కమిషను అక్కర్లేదు, అధ్యయనానికి విదేశీ యాత్రలు అక్కర్లేదు. 2014 నాటి తెలంగాణ చట్టంలో ఆ మాట తయారుగా ఉంది. పరిశ్రమ అన్నచోట బండి అని రాసుకుంటే సరిపోతుంది.